కొంగు మీద ఇద్దరు అడ్మిరల్లు

నేను సముద్రాన్ని చూసింది సూరత్ పక్కన డుమాస్‌లోనే. అదీ ఆదివారం పూట, టమాటా భజియాలు తింటూ. ఆ రోజు నీళ్ళు ఎంత వెనక్కి పోయాయంటే సముద్రం కూడా సెలవు పెట్టిందేమో అనుకున్నాను. ఓడ ఎక్కలేదు. తుపాకీ ముట్టుకోలేదు. ఇంగ్లీషు చదవడం రాదు. అలాంటి నేను ఒక ఇంగ్లీషు అడ్మిరల్ జీవితం మొత్తం, పసితనం నుంచి ముసలితనం దాకా, ఆరు గజాల బట్టలోకి ఎక్కించాను. నమ్మకపోతే మీ ఇష్టం. మీ తరానికి నమ్మకపోవడం బాగా వచ్చు.

డిజైన్ పనిలో ఉన్న పిల్లలు అప్పుడప్పుడు లింబాయత్‌లో మా ఇంటికి వచ్చి, "తాతా, కంప్యూటర్ లేకుంట ఎట్ల జేసిండ్రే?" అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇప్పుడిలా రాస్తున్నాను.

పని సంగతి కొంచెమే చెబుతాను. పల్సానాలో మా సేఠ్ కార్ఖానాలో పాత జెకార్డు సాంచాలు ఉండేవి. సాంచా అంటే మరమగ్గం. చీర కొంగు మీద బొమ్మ పడాలంటే ముందు నేను గళ్ళ కాగితం మీద ఆ బొమ్మ గీయాలి. గళ్ళ ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల దండ సాంచా నెత్తిన తిరుగుతుంటే కింద బట్ట మీద బొమ్మ వస్తుంది. నన్ను గ్రాఫ్ మాస్టర్ అనేవారు. అయితే మా సాంచాలకు దారాలు కట్టిన తీరు ఎలాంటిదంటే, నేను కొంగులో సగమే గీసేవాణ్ణి. రెండో సగాన్ని సాంచా తనంతట తానే, అద్దంలో చూపినట్టు, నేసుకునేది. నేను కుడివైపు ఒక నెమలిని గీస్తే ఎడమవైపు ఇంకో నెమలి వచ్చి దాని మొహంలోకి చూస్తూ నిలబడేది. ఏనుగును గీస్తే ఏనుగుల జంట. చిలకను గీస్తే చిలకల జంట. నా ఉద్యోగం మొత్తంలో ఒంటరి ప్రాణిని నేసిన పాపాన పోలేదు.

ఆ సాంచాలను బతికించేవాడు మా మిస్త్రీ. కరీంనగర్ వైపు నుంచి నాతోపాటే సూరత్ వచ్చినవాడు, వరసకు బావ. జెకార్డుకు జబ్బు చేస్తే చప్పుడు విని చెప్పేవాడు. నిచ్చెన వేసుకుని సాంచా నెత్తికెక్కి కూర్చుని, అక్కడే బీడీ కాల్చి, అక్కడే టీ తాగి, అక్కడి నుంచే నన్ను తిట్టేవాడు. మేమిద్దరం తిట్టుకోని రోజు కార్ఖానాకు సెలవు రోజు. టీలో చక్కెర దగ్గర మొదలై మా ఇద్దరి పెళ్ళిళ్ళలో ఎవరికి ఎవరు సరిగ్గా మర్యాద చేయలేదన్న దాకా వెళ్ళేది ఆ గొడవ.

ఒకరోజు సేఠ్ వచ్చి జెకార్డులన్నీ భంగార్‌కు, అంటే పాత ఇనుముకు, అమ్మేస్తానన్నాడు. వాటి స్థానంలో వాటర్ జెట్ మగ్గాలు పెడతాడట. తెల్లబట్ట, బొమ్మా గిమ్మా లేదు, నీళ్ళు చిమ్మినట్టు గజాలకు గజాలు వస్తుంది. గ్రాఫ్ మాస్టర్ అక్కర్లేదు. జెకార్డు మిస్త్రీ అసలే అక్కర్లేదు.

నాకు కోపం వచ్చింది. బావకు మాత్రం భయం వేసింది. ఆయనకు భయం వేయడం నేను అదే మొదటిసారి చూశాను.

"నాకు ఈ పని దప్ప ఇంకేం రాదు బావా," అన్నాడు నిచ్చెన మీది నుంచే. "ఊరికి పోయి ఏం జెయ్యాలె? ఆడ నన్ను గుర్తుపట్టేటోడు గూడ లేడు. ఈ జెకార్డులు పోయిననాడు నేను పోయినట్టే లెక్క."

"ముందు కిందికి దిగి మాట్లాడు," అన్నాను.

సరిగ్గా అప్పుడే సేఠ్ బామ్మర్ది ఊడిపడ్డాడు. అతను టూరిస్టులను కారులో ఊరంతా తిప్పే మనిషి. ఒక ఇంగ్లీషు ముసలావిడను కతర్‌గామ్ వైపున్న పాత ఆంగ్లేయుల గోరీలు చూపించడానికి తీసుకెళ్ళాడట. ఆమె పూర్వీకుడెవరో అక్కడ మట్టిలో ఉన్నాడట. ఆ పూర్వీకుడి మనవడు అడ్మిరల్ అయ్యాడట. ఇంగ్లాండులో వాళ్ళ ఇంటి మెట్ల పక్క గోడకు వేలాడదీయడానికి ఆ అడ్మిరల్ జీవితాన్ని బట్ట మీద నేయించుకోవాలని ఆమెకు కోరికట. వాళ్ళ మూలపురుషుడు నిద్రపోతున్న ఊళ్ళోనే నేయాలట. కారు సిగ్నల్ దగ్గర ఆగినంత సేపట్లోనే బామ్మర్ది మా సేఠ్ పేరు చెప్పి ఆర్డర్ పట్టేశాడు.

"గోడకు వేసేది ఎంత పొడుగు?" అని అడిగాడు సేఠ్.

"పై అంతస్తు నుంచి కింది దాకా. చీరంత ఉంటుంది."

"చీరంతేనా? అయితే చీరే," అన్నాడు సేఠ్. "చాలశే."

ఈ 'చాలశే' అనే మాట గురించి మీకు చెప్పాలి. సూరత్‌లో దానర్థం 'నడుస్తుంది'. రంగు తేడా పడితే చాలశే. పోగు తెగితే చాలశే. మా సేఠ్ వ్యాపారం మొత్తం ఆ ఒక్క మాట మీద నడిచింది. నాకు తెలిసి ఆయన పెళ్ళి కూడా దాంతోనే జరిగింది.

ఆ రోజు మాత్రం ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "మిస్త్రీ భాయ్, ఈ మాల్ పాస్ అయితే జెకార్డులు ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ మొదలైనట్టే. ఫెయిల్ అయితే భంగార్‌వాలాకు ఫోన్ చేస్తాను. గొడవ వద్దు."

బావ ఆ పూటంతా నాతో పోట్లాడలేదు. అప్పుడర్థమైంది నాకు పరిస్థితి ఎంత ముదిరిందో.

ఆ ముసలావిడ బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చి రాజస్థాన్ చూడటానికి వెళ్ళింది. హోలీ తర్వాత వస్తానంది. అందులో అడ్మిరల్ బొమ్మలు వరసగా ఉన్నాయి. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. బామ్మర్ది చదివి చెప్పాడు: "ఇక్కడ పిల్లవాడిగా ఓడలో చేరాడు. ఇక్కడ పెళ్ళి. ఇక్కడ యుద్ధం గెలిచాడు. ఇక్కడ రాణి మెడల్ వేసింది. ఇక్కడ ముసలివాడై కుర్చీలో కూర్చున్నాడు." అంతే. ఒక మనిషి బతుకు చెప్పడానికి అతనికి ఒక కప్పు టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. మొదటి గొడవ మీసం దగ్గర వచ్చింది. పుస్తకంలో అడ్మిరల్‌కు మీసం లేదు. నున్నగా ఉంది మొహం.

"గిదేం దొర?" అన్నాడు బావ. "ఇంతమందిని ఏలినోడు, మూతి మీద ఏం లేకుంటే ఎవడన్న మాటింటడా? మీసం పెట్టు."

"లేనిది ఎట్లా పెడతాను?"

"నువ్వు పెట్టకుంటే అట్టలకు నేనే చిల్లులు గొడత."

అన్నంత పనీ చేసేవాడే. పెట్టాను. సన్న మీసం గీస్తే ఆయన ఊరుకోలేదు. చివరికి చెంపల దాకా పాకే కోరమీసం పెట్టించాడు.

రెండో గొడవ యుద్ధం దగ్గర. పుస్తకంలో అడ్మిరల్ ఓడ పెద్దదిగా ముందుంది. దూరంగా, పొగలో, శత్రువు ఓడ చిన్నగా ఉంది. నా చేతిలో ఉన్నది సగం కొంగు వెడల్పే కదా. రెండు ఓడలూ పట్టవు. సేఠ్‌ను అడిగాను.

"దుష్మన్ ఎందుకు?" అన్నాడాయన ఫోను చెవికి పెట్టుకునే. "డబ్బులిచ్చేది దుష్మన్ కాదు కదా. తీసెయ్. చాలశే."

తీసేశాను.

సముద్రం నీలంగా ఉండాలన్న విషయం నాకు తెలుసు. కానీ నీలం దారం అయిపోయింది. చిలకపచ్చ ఉంది. అలల అంచున జరీ వేస్తే బాగుంటుందని నేనే అన్నాను. ఇక మామిడిపిందెల అంచు అడ్మిరల్ కోసం మారదు, అది సాంచాకు ఎప్పటినుంచో ఉన్న అంచు. చివర జాకెట్ ముక్క కూడా నేశాం. జాకెట్ ముక్క లేకుండా మా కార్ఖానా గుమ్మం దాటిన చీర లేదు. పైగా సూరత్‌లో ఎవరూ ఒక్క చీర కోసం పడుగు ఎక్కించరు. పడుగు చుట్టిన బీమ్ ఎక్కిందంటే అది ఖాళీ అయ్యేదాకా నేయాల్సిందే. అంచేత ఒక్క అడ్మిరల్ కోసం మొదలుపెట్టి కార్ఖానా నిండా అడ్మిరల్లను నేశాం.

మొదటి చీర దిగినప్పుడు సేఠ్ కొబ్బరికాయ కొట్టాడు. వెదురు కర్రకు వేలాడదీసి అందరం కింద నిలబడి చూశాం. కార్ఖానాలో ఉన్న నేతవాళ్ళంతా వచ్చారు. నిజం చెబుతున్నాను, అంత అందమైన కొంగు నేనెప్పుడూ గీయలేదు. పైన ఇద్దరు పసివాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ ఓడ ఎక్కుతున్నారు. దాని కింద పెళ్ళి. పెళ్ళికూతుళ్ళు ఇద్దరూ అంచుల వైపు నిలబడ్డారు, మధ్యలో ఇద్దరు కోరమీసాల పెళ్ళికొడుకులు చేతులు కలుపుతున్నారు. దాని కింద చిలకపచ్చ సముద్రం మీద ఎదురెదురుగా రెండు ఓడలు, ఒకే జెండా, ఫిరంగుల నుంచి జరీ నిప్పులు. ఆ కింద ఇద్దరు రాణులు ఇద్దరు అడ్మిరల్లకు మెడల్సు వేస్తున్నారు. అట్టడుగున ఇద్దరు ముసలివాళ్ళు, రెండు కుర్చీల్లో, ఎదురుబొదురుగా.

"మస్తుగున్నది," అన్నాడు బావ. ఆయన నోట ఆ మాట వినడానికి నేను సగం జీవితం ఆగాను.

మాలో ఒక్కరికి కూడా ఏ తేడా కనిపించలేదు. నెమళ్ళు రెండు ఉంటాయి. ఏనుగులు రెండు ఉంటాయి. అడ్మిరల్లు రెండు ఉంటే తప్పేముంది? ఒక్కణ్ణే వేస్తే ఆయన భార్యాబిడ్డలు లేనివాడిలా దిక్కులు చూస్తూ నిలబడేవాడు.

ముసలావిడ వచ్చే ముందు రోజు బామ్మర్ది సరుకు చూడటానికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని పైనుంచి కిందికి చూశాడు. కింది నుంచి పైకి చూశాడు. తర్వాత గుజరాతీలో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఆ బీజో మాణస్ కోణ ఛే?"

ఈ రెండో మనిషి ఎవరు?

మేమంతా మళ్ళీ బట్ట వైపు తిరిగాం. అప్పుడు కనిపించాడు రెండోవాడు. అన్నాళ్ళూ మా కళ్ళ ముందే ఉన్నాడు, మీసం మెలేసుకుని.

"ఆమెకు తాతముత్తాత ఒక్కడే," అన్నాడు బామ్మర్ది నీరసంగా. "అడ్మిరల్ తనను తానే పెళ్ళి చేసుకుంటున్నాడు. తన ఓడను తానే కాలుస్తున్నాడు. బావగారూ, ఇది చూస్తే ఆమె నా మీద కేసు పెడుతుంది."

సేఠ్ కుర్చీలో కూలబడ్డాడు. మొదటిసారి ఆయన నోటి నుంచి 'చాలశే' రాలేదు. నా వైపు చూశాడు, నేను బావ వైపు చూశాను, బావ సాంచా వైపు చూశాడు. సాంచాను అనడానికి లేదు, దానికి చెప్పింది అది చేసింది.

"ఇప్పుడు మార్చొచ్చా?" అడిగాడు సేఠ్.

"దారాలన్నీ ఇడిసి కొత్తగ కట్టాలె సేఠ్. దీపావళి అయితది," అన్నాడు బావ. ఆ మాట అంటూనే వెళ్ళి సాంచా పక్కన నేల మీద కూర్చున్నాడు. పైకి ఎక్కలేదు. భంగార్‌వాలా టెంపో అప్పుడే వచ్చి వాకిట్లో ఆగినట్టు కూర్చున్నాడు.

ఉపాయం సేఠే చెప్పాడు. వ్యాపారస్తుడి బుర్ర కదా. బట్టను నిలువుగా సగానికి మడిచి వేలాడదీస్తే ఒక్క అడ్మిరలే కనబడతాడు. ఆమె చూస్తుంది, మెచ్చుకుంటుంది, మేం గబగబా పెట్టెలో పెట్టి టేపు వేసేస్తాం. ఇంగ్లాండు వెళ్ళాక విప్పుకుంటే అది ఇంగ్లాండు గొడవ.

"ఫ్యాన్ గాలికి విప్పుకుంటే?" అన్నాను.

"వెనకాల మిస్త్రీ భాయ్ పట్టుకుని నిలబడతాడు."

అదీ ఏర్పాటు. మీరు ఆఫీసుల్లో మీటింగులని పెట్టుకుంటారు చూడండి, అక్కడ తీసుకునే నిర్ణయాలు దీనికంటే తెలివైనవని నేను ఒప్పుకోను.

మరుసటి రోజు ఆవిడ వచ్చింది. గడ్డి టోపీ, నూలు కుర్తా, కాళ్ళకు బూట్లు. చాలా ముసలిది, కానీ నిటారుగా నడిచింది. మంచం వేసి కూర్చోబెట్టి సేఠ్ లోచో తెప్పించాడు. సెనగపప్పుతో చేసిన మా సూరత్ ఫలహారం అది. ఆవిడ ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద అడిగింది. సేఠ్ నా చెవిలో "పాస్ అయినట్టే," అన్నాడు.

వెదురు కర్ర ఎత్తాం. సగం కొంగు వేలాడింది. వెనక బావ రెండు చేతులతో మడతను పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కింద నుంచి ఆయన కాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు మర్యాదస్తులు, వాటి గురించి అడగలేదు.

ఆవిడ అద్దాలు పెట్టుకుని చూసింది. ఒక పసివాడు ఓడ ఎక్కుతున్నాడు. సరే. ఒక పెళ్ళికొడుకు ఎక్కడో గాల్లోకి చేయి చాపుతున్నాడు. ఆవిడ కొంచెం కనుబొమ్మలు ముడిచింది. మీసం దగ్గర చాలాసేపు ఆగింది. సముద్రం పచ్చగా ఉండటం గురించి బామ్మర్దిని ఏదో అడిగింది. "అరేబియా సముద్రం మేడం," అన్నాడతను, రెప్ప కూడా వేయకుండా.

ఆవిడ నవ్వి, లేచి, బట్టను తాకి చూడటానికి దగ్గరికి వచ్చింది. మీకు తెలుసు కదా, బట్ట బాగుందనిపిస్తే ఆడవాళ్ళు ఎవరైనా ముందు చేసే పని అంచు పట్టుకుని చూడటం. మామిడిపిందెల అంచు పట్టుకుంది. లాగింది. బావ ఇటు లాగాడు. ఆవిడ అటు లాగింది. బావ గట్టిగా లాగితే బట్ట చిరుగుతుంది, నేసిన చేతికి ఆ పని చేతకాదు. వదిలేశాడు.

పుస్తకం తెరిచినట్టు మొత్తం తెరుచుకుంది. రెండో అడ్మిరల్ బయటికొచ్చాడు. వెనకాల బావ చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

ఆవిడ మొహంలోంచి నవ్వు పోయింది. ముందు ఓడల వైపు చూసింది. అక్కడే చాలాసేపు ఆగిపోయింది. తర్వాత కిందికి, ఆ రెండు కుర్చీల వైపు చూసింది. చూసి, అక్కడే ఉన్న దారపు బస్తా మీద కూర్చుండిపోయింది. అద్దాలు తీసేసింది. ఏడుస్తోందో ఏమిటో మాకు అర్థం కాలేదు. బామ్మర్ది మెల్లగా గుమ్మం వైపు జరగడం మొదలుపెట్టాడు.

అప్పుడు బావ నోరు తెరిచాడు. ఎవరూ అడగలేదు. హిందీ, తెలుగు కలగలిపి చెప్పాడు.

"అమ్మా, మాఫ్ జెయ్యి. మాకు ఒక్కన్ని నేసుడు రాదు. మా బట్ట మీద ఎవ్వలు ఒంటరిగ ఉండరమ్మా. నెమలైనా గంతే, దొరైనా గంతే. జర సమజ్ జేస్కో."

బామ్మర్ది ఏమని అనువాదం చేశాడో దేవుడికి తెలియాలి. కానీ చేశాడు. ఆవిడ విని, బావ మొహంలోకి చూసి, "ఈ సంగతి మీకెవరు చెప్పారు?" అని అడిగింది.

"ఏ సంగతి?" అన్నాడు బామ్మర్ది.

"ఆ రాత్రి శత్రువు లేడన్న సంగతి."

తర్వాత ఆవిడ చెప్పింది, బామ్మర్ది ముక్క ముక్కగా హిందీలోకి మార్చాడు. యుద్ధం అని పుస్తకంలో ఉన్న ఆ రాత్రి సముద్రం మీద దట్టమైన పొగమంచట. అడ్మిరల్ అప్పటికింకా కెప్టెన్. మంచులో ఒక ఓడ కనిపిస్తే శత్రువనుకుని తెల్లారేదాకా కాల్చాడు. ఆ ఓడ కూడా తిరిగి కాల్చింది. మంచు విడిపోయాక చూస్తే దాని మీద కూడా తన జెండాయే ఉంది. మునిగిపోతున్న ఆ ఓడ కెప్టెన్, ఇతనితోపాటు పసితనంలో ఒకే రోజు నౌకాదళంలో చేరిన స్నేహితుడు. దేహం కూడా దొరకలేదట.

పైవాళ్ళకు ఇది బయటపడితే సిగ్గుచేటు. అంచేత ఒక శత్రువు ఓడను కల్పించారు. గెలిచాడన్నారు. రాణి చేత మెడల్ వేయించారు. నిజం తెలిసినవాడు నోరు తెరుస్తాడేమోనన్న భయంతో ప్రమోషన్ మీద ప్రమోషన్ ఇచ్చి అడ్మిరల్‌ను చేశారు. వాళ్ళింట్లో ప్రతి గదిలో ఆ విజయం బొమ్మ ఉందట. ఇంట్లో పుట్టిన ప్రతివాళ్ళకూ అసలు సంగతి తెలుసట. ఎవరూ పైకి అనరట. నాకైతే ఉద్యోగంలో ఒక్క ప్రమోషన్ కూడా రాలేదు. ఎవరినీ ముంచలేదు కాబోలు.

"కుర్చీలు?" అని నేనే అడిగాను. ఆవిడ చూపు మళ్ళీ మళ్ళీ అక్కడికే పోతోంది.

ముసలితనంలో ఆయన తన కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ వేయించుకునేవాడట. దాంట్లో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదట. సాయంత్రం పూట దాంతో మాట్లాడేవాడట. బొమ్మ గీసినవాడు పుస్తకంలో ఆ రెండో కుర్చీని వదిలేశాడు. మా సాంచా తెచ్చి వేసింది.

"ఇప్పటికి ఆయన ఎదుటి కుర్చీలోకి మనిషి వచ్చాడు," అంది ఆవిడ. ఆ మాట అన్నాక ఏడ్చింది. మా సేఠ్ కూడా ఏడ్చాడు. ఆయన లాభం వస్తే కూడా ఏడుస్తాడు, అందుకని కచ్చితంగా చెప్పలేను.

కళ్ళు తుడుచుకుని సేఠ్ గంభీరంగా అన్నాడు: "రీసెర్చ్, మేడం. మా మాస్టర్, మా మిస్త్రీ చాలా రీసెర్చ్ చేశారు."

బావ నా వైపు చూశాడు. "ఏందట?" అన్నాడు.

"పాస్ అయిందట," అన్నాను.

ఆయన వెళ్ళి నిచ్చెన వేసుకుని సాంచా నెత్తికెక్కి కూర్చున్నాడు. పైన బీడీ వెలిగిన వాసన వచ్చింది.

ఆవిడ బట్టను ఒక్క పోగు కూడా కత్తిరించకుండా తీసుకెళ్ళింది. జాకెట్ ముక్క ఏమిటని అడిగితే సేఠ్ తన నడుము, వీపు చూపించి వివరించబోయాడు, మేం ఆపాం. తర్వాత బామ్మర్ది ఫోనుకు ఫోటో వచ్చింది. ఇంగ్లాండులో మెట్ల పక్కన కోరమీసాల అడ్మిరల్లు ఇద్దరూ పైనుంచి కింది దాకా వేలాడుతున్నారు. పక్కన అద్దం బిగించిన చట్రంలో జాకెట్ ముక్క.

మిగిలిన బీమ్ చీరలు సేఠ్ రింగ్ రోడ్డు బజారులో 'లండన్ రాజా' అని పేరు పెట్టి అమ్మేశాడు. అవి తెగ అమ్ముడుపోయాయి. మళ్ళీ నేయమన్నారు, మళ్ళీ నేశాం. లింబాయత్‌లో ఒక పెళ్ళికి వెళితే ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ళ భుజాల మీద అడ్మిరల్లు చేతులు కలుపుతూ కనబడ్డారు. "ఎవరే ఈ రాజులు?" అని ఒకామె అడిగితే ఇంకొకామె, "అన్నదమ్ములట, పొత్తు కలిసిండ్రట," అని చెప్పింది. నేను సరిదిద్దలేదు. ఆమె చెప్పిందే నాకు నచ్చింది.

జెకార్డులు భంగార్‌కు పోలేదు. బావా నేనూ రిటైరయ్యే దాకా నడిచాయి. ఆ తర్వాత కూడా రోజూ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చేవాడు. వాకిట్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని తిట్టుకునేవాళ్ళం. ముఖ్యంగా మీసం గురించి. ఆ మీసం వల్లే చీర పాసయిందని ఆయన. మీసం ఉన్నా పాసయిందని నేను. మా ఆవిడ టీ ఇచ్చి, "మీ ఇద్దరిని సూస్తే ఆ కొంగు మీది ముసలోళ్ళే," అని నవ్వేది.

కిందటి వానాకాలం బావ పోయాడు. జ్వరమన్నారు, రెండు రోజులు కూడా పట్టలేదు.

రెండో కుర్చీ ఇంకా వాకిట్లోనే ఉంది. ఎవరైనా కూర్చోబోతే లేపేస్తున్నాను. మా ఆవిడ మొదట్లో గొణిగింది, "ఇంత వాకిట్ల రెండు కుర్చీలేందయ్యా, బండి ఎక్కడ పెట్టాలె?" అని. ఇప్పుడు బండి గల్లీలో పెట్టిస్తోంది. సాయంత్రం రెండు కప్పుల టీ తెస్తోంది. రెండోది కూడా నేనే తాగుతున్నాను, చల్లారిపోయాక. చక్కెర ఎక్కువైందని ఎదుటి కుర్చీకి ఫిర్యాదు చేస్తున్నాను.

మొన్న ఒప్పుకున్నాను ఆయనతో, మీసం బాగానే ఉందని.